మా నాయనమ్మ మోకాళ్ళు

మా పల్లెలో ఫాదర్ గారి మాటంటే మాటే. పల్నాడు వైపు క్యాథలిక్ మాలపల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బడి ఆయనది. సిస్టర్లు నడిపే మందుల గది ఆయనది. మొగుడూ పెళ్ళాల తగువు తీర్చేది ఆయన, పెళ్ళికి ముందు పూజలో పేర్లు చదివేది ఆయన, చచ్చిపోతే గుంట దగ్గర తీర్థం చల్లేదీ ఆయనే. కరువొచ్చిన ఏడాది క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వాళ్ళ గోధుమ నూక, పాలపొడి, నూనె డబ్బాలు దిగింది కూడా ఫాదర్ గారి బంగళా వరండాలోనే. ఆ ఖాళీ సంచులు కుట్టుకుని వాటి మీద పడుకున్న ఇళ్ళు మా పల్లెలో చాలా ఉన్నాయి. ఆయన కూర్చోమంటే కూర్చోవడం, లేవమంటే లేవడం పూజలోనే కాదు, బయటా అలవాటైపోయింది.

అలాంటి చోట మా నాయనమ్మ ఒకసారి లేవమంటే లేవలేదు. ఇన్నేళ్ళయినా పెళ్ళికో చావుకో చుట్టాలం కలిస్తే ఆ మాట రాకుండా ఉండదు.

నాయనమ్మ ఎదురు తిరిగే రకం కాదు, ముందు అది చెప్పాలి. తెల్లవారుజామున గుడి గంట మొదటిసారి మోగేసరికి వాకిలి ఊడ్చేది, రెండోసారి మోగేసరికి గుళ్ళో ఉండేది. ఆమె వయసులో ఉన్నన్నాళ్ళూ పూజంతా లాటిన్‌లోనే. స్వాములవారు (ఆమె నోట ఫాదర్ అన్న మాట నేను వినలేదు) పీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి చదువుకుంటూ పోతుంటే వెనక ఆడవాళ్ళు జపమాల చెప్పుకునేవాళ్ళు. అర్థం ఒక్క ముక్క తెలియదు. కానీ ఎవరైనా సరదాకి 'దోమినుస్ వోబిస్కుమ్' (ప్రభువు మీతో ఉండుగాక) అంటే చాలు, చేటలో బియ్యం చెరుగుతూనే 'ఎత్ కుమ్ స్పిరితూ తువో' అని జవాబిచ్చేది. ఆమె లాటిన్ వింటే రోమ్‌లో పుట్టిందేమో అనిపించేది మాకు.

ప్రపంచంలోని క్యాథలిక్ బిషప్పులంతా రోమ్‌లో కూర్చున్న రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది, ఆరాధన విధానాన్ని సంస్కరించాలన్న పత్రం 1963 డిసెంబర్‌లో వచ్చింది. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్నవి. మా పల్లెకి ఆ మహాసభ ఎలా వచ్చిందంటే, ఒక ఆదివారం ఫాదర్ గారు జనం వైపు తిరిగి తెలుగులో మాట్లాడారు, అంతే. తాతయ్యకి అది మింగుడు పడలేదట. 'ఇన్నాళ్ళూ దేవుడితో మాట్లాడేవాడు, ఇప్పుడు మనతో మాట్లాడుతున్నాడు' అని కొన్నాళ్ళు గుడి బయట వేపచెట్టు కింద నిలబడే పూజ విన్నాడట. నాయనమ్మకి మాత్రం అందులో ఆలోచించాల్సింది ఏమీ కనబడలేదు. స్వాములవారు చెప్పారు, ఇక తెలుగే.

ఆ తర్వాత హారతి వచ్చింది. మన దేశపు పీఠాధిపతులు (బిషప్పులు) అడిగితే రోమ్ 1969 ఏప్రిల్‌లో పన్నెండు మార్పులకి అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవచ్చు, మోకాలు వంచే బదులు చేతులు జోడించి వంగొచ్చు, పంచాంగ ప్రణామం చేయొచ్చు, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు పెట్టుకోవచ్చు, హారతి ఇవ్వొచ్చు, ఇలాంటివి. చెప్పులు విప్పొచ్చు అన్నది కూడా అందులో ఒకటి. మా పల్లెలో సగం మందికి విప్పడానికి చెప్పులే లేవు, ఉన్నవాళ్ళు ఎవరూ చెప్పకముందే గుడి బయట విడిచేవాళ్ళు. హారతి దగ్గర మాత్రం గొణుగుడు మొదలైంది. హిందువుల గుళ్ళో చేసేది మన గుళ్ళో ఏంటని, ఫాదర్ కింద పల్లెలో జపాలు నేర్పే ఉపదేశి గారే అన్నారట. నాయనమ్మ ఏమీ అనకుండా హారతి పళ్ళెం ఇంటికి తెచ్చి, చింతపండు పెట్టి తళతళా తోమి ఇచ్చింది.

ఇలా ఏది చెప్తే దానికి సరే అనే మనిషి. అయితే ఆ సరేలో ఒక చిన్న తిరకాసు ఉండేది. సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నది పాత నియమం. 1953లో నీళ్ళు తాగొచ్చన్నారు, 1957లో మూడు గంటల ఉపవాసం చాలన్నారు, 1964లో దాన్ని ఒక గంటకి తగ్గించారు. నాయనమ్మకి మాత్రం చివరిదాకా అర్ధరాత్రే. ఆదివారం పొద్దున మా అందరికీ టీ కాచి పోసి, తను గుక్క నీళ్ళు కూడా తాగకుండా గుడికొచ్చేది. కళ్ళు తిరిగి పడిపోతావమ్మా, గంట ముందు మానేస్తే చాలు కదా అని ఒక ఫాదర్ అంటే, 'చాలన్నారు స్వామీ, అంతకంటే ఉండొద్దని ఎవరూ అనలేదుగా' అందట. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నేను హైస్కూల్లో ఉండగా, 1980ల్లో, మా విచారణకి (ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని కింది పల్లెలు) ఒక కొత్త ఫాదర్ వచ్చారు. కుర్రవాడు. మోటార్ సైకిల్ మీద తిరిగేవాడు, గొంతు పెద్దది, కోపం తొందరగా వచ్చేది, తొందరగానే పోయేది. ఈ కథలో ఆయన్ని దుర్మార్గుణ్ణి చేసి చెప్పేవాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు, నేను ఒప్పుకోను. మిరపకోతల కూలి రేటు గొడవైనప్పుడు ఆసాముల ఇళ్ళకి వెళ్ళి మా తరఫున మాట్లాడిన మొదటి ఫాదర్ ఆయనే. రాత్రిపూట పల్లెకొచ్చి నులక మంచం మీద కూర్చుని జొన్న సంకటి, గోంగూర అడిగి మరీ పెట్టించుకుని తినేవాడు.

గుళ్ళో పీఠం ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తొడ ఎత్తున చెక్క కమ్మీలు ఉండేవి. సత్ప్రసాదానికి జనం వాటి ముందు వరసగా మోకరిల్లేవాళ్ళు. ఫాదర్ ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కొక్కరి నాలుక మీదా పెట్టుకుంటూ వచ్చేవాడు. చూడటానికి బావుండేది. బాగుండనిది ఏంటంటే, మొదటి వరస ఎప్పుడూ ఊళ్ళోని ఆసాముల కుటుంబాలదే. వాళ్ళూ క్యాథలిక్కులే, తాతల కాలం నుంచీ. వాళ్ళు లేచి పక్కకెళ్ళాక పల్లెవాళ్ళం వెళ్ళి మోకరిల్లాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టి కొట్టేయడానికీ వీల్లేదు. క్యాథలిక్కుల్లో కులం ఎక్కడుంది అని అడిగేవాళ్ళు ఒక ఆదివారం మా గుడికొచ్చి వెనక గోడ పక్కన కూర్చుంటే తెలిసేది.

ఈయన ఏం చేశాడంటే, వారం మధ్యలో వడ్రంగిని పిలిపించి ఆ కమ్మీలు పీకించేశాడు. ఆ చెక్కతో బడికి బల్లలు చేయించాడు. ఆదివారం పూజలో ప్రసంగం అంతా దాని మీదే. ఇక నుంచి ఒకటే లైను, ముందొచ్చినవాళ్ళు ముందు, అందరూ నిలబడే తీసుకోవాలి. క్రీ.శ. 325లో నైసియా మహాసభలోనే ఆదివారం పూట మోకరిల్లకుండా నిలబడి ప్రార్థించాలని నియమం పెట్టారని చెప్పాడు. ఆ మాట నిజమే, ఆ సభ ఇరవయ్యో నియమం అదే, ఆదివారం ఉత్థాన దినం కాబట్టి. కానీ ఆయన గొంతు పెరిగింది నైసియా దగ్గర కాదు. 'మీ తాతలు వంగారు, మీ అమ్మలు వంగారు, పొలంలో వంగారు, దొడ్లో వంగారు. తండ్రి ముందు బిడ్డలు వంగక్కర్లేదు. తలెత్తి నిలబడండి. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళకి ఇక నేను ఇవ్వను' అన్నాడు.

అది మా కోసం చేసిన ప్రసంగం. పల్లెలో మగవాళ్ళు ఆ రోజు గుడి బయట నిలబడిన తీరే వేరు. నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాతి వారమే ఊళ్ళోని ఒక పెద్ద ఆసామి ఇంటిల్లిపాదినీ తీసుకుని పక్క విచారణ గుడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అడిగినవాళ్ళతో 'మా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు' అన్నాడట. అక్కడ కమ్మీలు ఇంకా ఉన్నాయి మరి.

పూజలో ఫాదర్‌కి సాయం చేసే పిల్లల్లో నేనొకణ్ణి. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు తుంపు కింద పడకుండా గడ్డం కింద పళ్ళెం పట్టడం నా పని. పొడుగు పిడి ఉన్న ఇత్తడి పళ్ళెం. మరీ కింద పట్టకూడదు, గొంతుకి తగలకూడదు, ఫాదర్ చెయ్యి ఎటు కదిలితే పళ్ళెం అటు కదలాలి. ఆ పళ్ళేనికి పైన మనుషులు ఎలా ఉంటారో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, అప్పుడు ఎంతటివాళ్ళైనా పసిపిల్లల మొహాలే.

లైను కదులుతోంది. 'క్రీస్తు శరీరము', 'ఆమెన్'. 'క్రీస్తు శరీరము', 'ఆమెన్'. నాయనమ్మ వంతు వచ్చేసరికి ఆమె కొంగు తల మీదుగా సర్దుకుని, పక్కనున్నామె భుజం పట్టుకుని, ముందు కుడి మోకాలు, తర్వాత ఎడమ మోకాలు, నెమ్మదిగా గచ్చు మీద ఆన్చింది. కళ్ళు మూసుకుంది. నేను పళ్ళెం కిందకి దించాల్సి వచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క పళ్ళెంలో కనబడింది. ఫాదర్ చెయ్యి గాల్లో ఆగింది.

'లేవండమ్మా' అన్నాడు మెల్లగా.

ఆమె కళ్ళు తెరవలేదు. నోరు మూయలేదు.

'అమ్మా, చెప్పాను కదా. లేవండి.'

వెనక ఎవరో దగ్గారు. కాసేపు చూసి ఆయన చేతిలోది మళ్ళీ పాత్రలో పెట్టి, వెనకనున్నామెని ముందుకి రమ్మని సైగ చేశాడు. ఫాదర్ చెయ్యి కదిలింది, నా పళ్ళెమూ కదిలింది. నాయనమ్మ నోరు మూసుకుని, సిలువ గుర్తు వేసుకుని, అలాగే మోకాళ్ళ మీదే కొంచెం పక్కకి జరిగింది, లైనుకి అడ్డం లేకుండా. పూజ అయ్యేదాకా అక్కడే ఉంది.

ఇంటికొచ్చి అన్నం వండింది. మాట్లాడలేదు. మా నాన్నకి భయం పట్టుకుంది, బళ్ళో నా ఫీజు మాఫీ ఫాదర్ చేతిలో ఉంది. సాయంత్రానికి ఉపదేశి గారు వచ్చారు. స్వాములవారి మాట దేవుడి మాట కదమ్మా, నీకు తెలియనిదా, ఇన్నేళ్ళూ ఒక్క మాట కాదనని దానివి, అదీ ఇంతమందిలో అన్నారు. నాయనమ్మ చాలాసేపు వింది. తర్వాత అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

'నాట్లలో వంగాను, కలుపులో వంగాను, ఆసామి గుమ్మంలో వంగాను. అవన్నీ ఎవరో వంగమంటే వంగినవి అబ్బాయ్. వంగకపోతే కూలి ఉండదని వంగినవి. ఎవరూ వంగమనకుండా నా అంతట నేను వంగేది ఇదొక్కటే. దీన్ని కూడా ఇంకొకరు చెప్పినట్టే చెయ్యాలంటే ఎట్టా? నిలబడేవాళ్ళు నిలబడనీ. నేనెవర్నీ వంగమనడంలే.'

ఉపదేశి గారు టీ తాగి వెళ్ళిపోయారు.

పల్లెలో మాత్రం రెండు జట్లయ్యాయి. మనకోసం ఆసాములతో పడుతున్న మనిషిని ముసలామె అందరిలో చిన్నబుచ్చిందని కుర్రవాళ్ళు. నోట్లో పెట్టేది దేవుణ్ణి అయినప్పుడు ఇవ్వనని మొహం తిప్పేయడం ఏంటని ఆడవాళ్ళు. నాయనమ్మ ఏ జట్టులోనూ చేరలేదు. మళ్ళీ ఆదివారం మామూలుగానే మొదటి గంటకి లేచింది, ఉపవాసం ఉంది, గుడికొచ్చింది. సత్ప్రసాదం వేళకి మాత్రం లైన్లోకి రాకుండా వెనక తన చాప దగ్గరే మోకరిల్లి జపమాల తిప్పుకుంది. గొడవ చేయలేదు, పీఠాధిపతికి ఉత్తరం రాయిద్దామంటే వద్దంది, పక్క విచారణకి పోదామంటే 'మన గుడి ఇది' అంది. నెలలు గడిచాయి. ఫాదరూ మాట మార్చుకోలేదు.

శనివారం సాయంత్రాలు పాపసంకీర్తనానికి, అంటే పాపాలు చెప్పుకోవడానికి మాత్రం ఆయన దగ్గరికే వెళ్ళేది. ఇంకెవరున్నారు గనక. ఒకసారి లోపల జరిగింది ఆమే మా అమ్మతో చెప్పింది. విన్న ఫాదర్ నోరు విప్పకూడదు గానీ చెప్పుకున్న మనిషి చెప్పుకోవచ్చు. 'మీ మాట వినలేదు స్వామీ' అని మొదలుపెట్టిందట. ఆయన కాసేపు ఊరుకుని, 'అది పాపమని మీకు అనిపిస్తోందా అమ్మా?' అని అడిగాడట. 'లేదు స్వామీ' అందట. 'మరి పాపం కానిది ఇక్కడెందుకు చెప్తున్నారు?' అన్నాడట. దానికేం చెప్పాలో తెలియక, కోడలి మీద విసుక్కున్న సంగతి చెప్పి వచ్చేసిందట. అమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా చివరి ముక్కకి నవ్వేది.

ఆ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం జరిగింది మరీ విచిత్రం. తిరుహృదయ భక్తి (క్రీస్తు హృదయానికి చేసే భక్తి) ప్రకారం నెలనెలా మొదటి శుక్రవారం ఫాదర్ మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి సత్ప్రసాదం పట్టుకెళ్ళేవాడు. ఉపదేశి గారు గంట వాయించుకుంటూ ముందు నడిచేవారు, రోగుల పేర్ల కాగితం ఆయన దగ్గరే. ఆ రోజు గంట మా ఇంటి ముందు ఆగింది. నాయనమ్మ పెరట్లో గేదెకి కుడితి పెడుతోంది. గాభరాగా చేతులు కడుక్కుని వచ్చి, 'మా ఇంట్లో ఎవరికీ బాలేదని లేదే' అంది. ఉపదేశి గారు కాగితం చూపించారు. నాయనమ్మ పేరు ఉంది, ఫాదర్ చేతిరాతతో. 'నాకేం రోగం స్వామీ?' అంది.

'మోకాళ్ళ నొప్పులున్నాయిగా' అన్నాడు ఫాదర్, మొహంలో ఏ భావమూ లేకుండా.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి చాప పరిచి, దాని మీద మోకరిల్లి సత్ప్రసాదం తీసుకుంది. ఆయన ఏమీ అనలేదు. ఇంట్లో రోగులకి ఇచ్చేటప్పుడు నిలబడాలన్న రూలు ఆయన పెట్టలేదు మరి. అప్పటి నుంచి ఆ ఫాదర్ బదిలీ అయ్యేదాకా ఇదే వరస. ఆదివారం గుళ్ళో ఆయన రూలు ఆయనది, ఆమె చాప ఆమెది. మొదటి శుక్రవారం గంట మా ఇంటి ముందు ఆగేది. ఇద్దరూ దీని గురించి ఒక్క మాటైనా మాట్లాడుకున్నట్టు ఎవరికీ తెలియదు.

అప్పట్లో మా చిన్న మేనమామ హైదరాబాద్‌లో సెమినరీ చదువుతుండేవాడు (తర్వాత మానేసి టీచరయ్యాడు). సెలవులకొచ్చినప్పుడు ఈ కథ విని ఉత్సాహపడిపోయాడు. 1965 డిసెంబర్‌లో మహాసభ వెలువరించిన పత్రంలో మనస్సాక్షి గురించి ఏమన్నారో చెప్పాడు: అది మనిషిలోని గర్భగుడి, అక్కడ మనిషి దేవుడితో ఒంటరిగా ఉంటాడని. మనస్సాక్షి పొరబడినా సరే, దాన్ని కాదని నడిస్తే తప్పేనని క్యాథలిక్ వేదాంతి అక్వినాస్ తోమాసు 13వ శతాబ్దంలోనే తేల్చాడట. 1983 నాటి చర్చి శాసన స్మృతిలో 212వ నియమం ఒకే చోట రెండూ చెప్తుందట, కాపరుల (చర్చి పెద్దల) బోధకి విధేయులై ఉండాలనీ, శ్రీసభ (చర్చి) మేలుకి సంబంధించి తమ అభిప్రాయం కాపరులకి చెప్పే హక్కు విశ్వాసులకి ఉందనీ, ఒక్కోసారి అది బాధ్యత కూడాననీ.

'అయితే మనస్సాక్షి ఒప్పుకోలేదని పక్క గుడికి పోయిన ఆసామి కూడా కరెక్టేనా మామయ్యా?' అని అడిగాను. మామయ్య బుర్ర గోక్కున్నాడు. మనస్సాక్షికి కూడా చదువు చెప్పించాలిరా, పొరబాటు తెలుసుకునే వీలున్నా తెలుసుకోకపోతే అది మన తప్పే అన్నాడు. పుస్తకం జవాబు అది, తప్పేమీ లేదు. నాకు కనబడింది ఇంకొకటి. ఆసామి తన చోటు పోకుండా చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఎక్కడికీ పోలేదు, తను అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్నదాన్నే వదులుకుని కూర్చుంది. ఇప్పటికీ ఎవరైనా మనస్సాక్షి అంటే నేను ముందు చూసేది దానివల్ల వాళ్ళకేం పోయిందన్నదే.

2004 మార్చిలో రోమ్ నుంచి వచ్చిన ఒక సూచనల పత్రం, మోకరిల్లారనో నిలబడ్డారనో కేవలం ఆ కారణంతో ఎవరికీ సత్ప్రసాదం నిరాకరించకూడదని తేల్చి చెప్పింది. అది చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నాయనమ్మ కాదు, ఆ ఫాదర్. ఆయన కమ్మీలు పీకించకపోతే మా పల్లె ఇంకెన్నేళ్ళు రెండో వరసలో ఉండేదో. ఆ పని చేయడానికి ఆయనకి అందరూ ఒక్కలాగే నిలబడటం కావాల్సి వచ్చింది. మోకరిల్లే ఒక్క ముసలామె కోసం సడలిస్తే మర్నాడు ఆసాములందరూ మోకరిల్లి మళ్ళీ ముందు వరస కట్టేవాళ్ళేమో. రూలు ప్రకారం ఆయనది తప్పని ఇప్పుడు కాగితం చూపించడం తేలికే.

ఆయన బదిలీ అయ్యాక వచ్చిన పెద్దాయన ఇలాంటివేవీ పట్టించుకునే రకం కాదు. నిలబడితే నిలబడినట్టు, మోకరిల్లితే మోకరిల్లినట్టు ఇచ్చుకుంటూ పోయేవాడు. అప్పటికి నాయనమ్మ మోకాళ్ళు నిజంగానే పోయాయి. చేతికర్రతో వచ్చి, మా తమ్ముడి భుజం పట్టుకుని లైన్లో నిలబడే సత్ప్రసాదం తీసుకునేది. ఒకరోజు గుడి మెట్ల దగ్గర ఉపదేశి గారు ఉండబట్టలేక అడిగేశారు, అప్పుడంత రచ్చ చేసి ఇప్పుడు నిలబడే తీసుకుంటున్నావేమ్మా అని.

'నిలబడితే తప్పని నేనెప్పుడన్నా?' అంది నాయనమ్మ. 'అప్పుడు వంగగలిగాను, వంగాను. ఇప్పుడు వంగలేను. నీకూ వస్తాయిలే మోకాళ్ళ నొప్పులు.'